అరోయిటా ‘కుదరదు’ నేర్చుకుంది

మా పిన్ని కూతురు అరోయిటా గురించి ఆక్లాండ్‌లో మావాళ్ళు రెండు రకాలుగా చెప్పుకుంటారు. కన్నబిడ్డని తీసుకెళ్ళి పక్కింటి ముసలమ్మ చేతిలో పెట్టొచ్చిన మొద్దు మొహం అని కొందరు. పెంచిన అవ్వకి మొహం మీదే లేదన్న కసాయిది అని ఇంకొందరు. రెండూ చేసింది అదే, నేను కాదనను. కానీ ఈ మాటలనే వాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఆ రోజుల్లో దాని గుమ్మం తొక్కలేదు. దాని పక్కన కూర్చున్నదాన్ని నేను. అందుకని నేను చెబుతాను. మధ్యలో ఎవరూ నోరు పెట్టకండి.

మాది పసిఫిక్ సముద్రం నడుమ కిరిబాస్ దేశంలో అబయాంగ్ దీవి. అరోయిటా ఇంకా మా పిన్ని కడుపులో ఉండగానే, పిన్ని అత్తగారు కయేవా వచ్చి చాప మీద కూర్చుంది. కాసేపు చేపల సంగతీ వాన సంగతీ మాట్లాడి, “పుట్టేది నాకివ్వు” అంది. మా పిన్ని తల ఊపింది. అంతే. పుట్టాక పాలు మరిచే దాకా తల్లి దగ్గర, ఆ తర్వాత కయేవా అవ్వ దగ్గర. రెండిళ్ళకీ మధ్య ఒక కొబ్బరితోపు అంత దూరం కూడా లేదు. పొద్దున అవ్వ తల దువ్వితే మధ్యాహ్నం అమ్మ దగ్గర అన్నం తినేది. తల్లి కొడితే అవ్వ దగ్గరికి, అవ్వ కొడితే తల్లి దగ్గరికి పరుగెత్తేది. ఆ పిల్ల కోసం ఏడ్చిన వాళ్ళెవరూ నాకు గుర్తు లేరు. ఇద్దరు పెట్టిందీ తిని బొద్దుగా పెరిగింది, దానికేం లోటు?

మా దీవిలో అయినవాళ్ళు అడిగితే లేదనకూడదు. సైకిలైనా, పందైనా, పిల్లయినా. లేదన్నవాడు ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. అదేదో స్వర్గమని చెప్పడం లేదు నేను. మా నాన్న రాజధాని తరావాలో ఉద్యోగం చేసి కొత్త సైకిలు తెచ్చుకుంటే ఆదివారానికల్లా అది మా మామ కింద ఉంది. నాకు పండక్కి కొన్న చెప్పులు మా మేనత్త కూతురి కాళ్ళకి ఉండేవి, నేను వాటి వెనకాలే ఉత్తకాళ్ళతో చర్చికి నడిచేదాన్ని. ఒళ్ళు మండేది. అడిగేవాళ్ళ బాధ పడలేకే నేను ఆ దీవి వదిలి వచ్చానని మా అన్న ఇప్పటికీ దెప్పుతాడు. దెప్పనీ. కానీ మా నాన్న కూడా మామ పడవ అడిగి తెచ్చుకునేవాడు, మా అమ్మ మేనత్త చాపలు అడిగి తెచ్చుకునేది. వస్తువు ఇల్లు మారేది గాని ఊరు దాటేది కాదు. ముసలివాళ్ళు అడుగుతూనే బతికేవాళ్ళు, ఎవరూ దాన్ని అడుక్కోవడం అనేవారు కాదు.

అరోయిటా, దాని మొగుడు కౌరే, మా దీవుల వాళ్ళకి అక్కడ ఉండే అనుమతి ఇవ్వడానికి న్యూజీలాండ్ వాళ్ళు తీసే చీటీల్లో పేరొచ్చి ఆక్లాండ్ వచ్చారు. అప్పటికి నేనిక్కడ ఆఫీసులు తుడుస్తూ ఏళ్ళ తరబడి ఉంటున్నాను. కౌరేకి కోళ్ళు శుభ్రం చేసి పొట్లాలు కట్టే చోట పని దొరికింది. చలికి గోడలు నల్లగా బూజు పట్టే ఒక చెక్క ఇంట్లో దిగారు. అరోయిటాకి నెలలు నిండుతున్నాయి.

వచ్చిన కొత్తలో నేను వెళ్తే, కిటికీ దగ్గర కూర్చుని ఉండేది.

“ఏమే, ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉందక్కా. నన్ను ఎవరూ ఏమీ అడగడం లేదు.”

“అడక్కపోతే సుఖమే కదే, పిచ్చిమొహమా!”

“ఏం సుఖమో. నేను కనపడుతున్నానో లేదో కూడా తెలీడం లేదు.”

నవ్వాను గాని, దాని మాట నిజం. ఇక్కడ ఇంట్లో ఉప్పు నిండుకుంటే వానలో కారు తీసుకుని దుకాణానికి పోతారు, పక్కింటి తలుపు తట్టరు. తట్టడం నామోషీ. ఎవరి కంచె వాళ్ళది, ఎవరి గడ్డి వాళ్ళే కోసుకుంటారు. మంచివాళ్ళు కారని కాదు. కనపడితే చెయ్యి ఊపుతారు. చెయ్యి ఊపి లోపలికెళ్ళి తలుపేసుకుంటారు.

అలాంటి చోట కంచె అవతల నుంచి మొదటిసారి దాన్ని ఒకటి అడిగిన మనిషి బెరిల్. భర్త పోయాడు, పిల్లల్లేరు, మోకాళ్ళ నొప్పులు. “ఈ పరదాలు తగిలించి పెడతావా అమ్మా, నాకు స్టూలెక్కాలంటే భయం” అంది. అరోయిటా ఆ రోజు నాకు ఫోన్ చేసి, లాటరీ తగిలినట్టు చెప్పింది. “అక్కా, నన్ను అడిగింది!” ఆ మర్నాడు ఇది వెళ్ళి ఆమె చెట్టు నిమ్మకాయలు అడిగింది. ఆమె సంచీ నిండా ఇచ్చింది. అంతే, మా పిల్ల ఇక ఆమెని అవ్వా అనడం మొదలెట్టింది. బెరిల్‌కి ఆ పిలుపు అర్థం చెబితే కళ్ళు తుడుచుకుంది.

ఆడపిల్ల పుట్టింది. జ్ఞానస్నానం నాడు పిల్లకి బెరిల్ పేరే పెట్టారు. మా నాలికకి అంత పేరు తిరగక బేరి అనే పిలిచేవాళ్ళం. మాలో ఒకరి పేరు పిల్లకి పెట్టారంటే ఆ పిల్ల మీద వాళ్ళకి సగం హక్కు ఇచ్చినట్టే. ఆ సంగతి బెరిల్‌కి ఎవరు చెబుతారు? ఆమె ఊలు టోపీలు అల్లింది, మేజోళ్ళు అల్లింది, పొద్దున లేస్తే పిల్ల దగ్గరే. మంచి మనిషే, అబద్ధమెందుకు.

బట్టలారేస్తుంటే కంచె మీదుగా చేతులు చాచి అనేది: “ఎంత ముద్దొస్తోందే! దీన్ని నాకిచ్చెయ్యి అరోయిటా, నేను పెంచుకుంటా.”

మొదటిసారి మా పిల్ల నవ్వి ఊరుకుంది. మళ్ళీ అంది. చలికాలం వచ్చి పిల్లకి దగ్గు పట్టుకుంది, రొమ్ములో పిల్లికూతలు. అప్పుడు బెరిల్ వచ్చి పిల్లని శాలువాలో చుట్టుకుని, “మా ఇల్లు వెచ్చగా ఉంటుంది. నాకిచ్చెయ్యవే, నిజంగా అంటున్నా” అంది.

నిజంగా అంటున్నానంది. ఆ మాటే ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకి నిద్ర లేకుండా చేసింది. నన్ను అడగొచ్చుగా! అడగలేదు. ఎవరో నన్ను ఫలానాది అడిగారు, ఇవ్వనా వద్దా అని ఇంకొకరి దగ్గర చర్చ పెట్టడమే మాలో తప్పు. ఇవ్వడం ఇష్టం లేదని చెప్పినట్టవుతుంది.

కౌరే ఏమన్నాడో అరోయిటా తర్వాత చెప్పింది. “పేరు ఆమెదే పెట్టాం. అవ్వ అన్నాం. అడిగింది. ఇక మనకేం మాట మిగిలింది?” అన్నాడట, గోడకేసి తిరిగి పడుకుని.

ఒక శనివారం నేను పనిలో ఉన్న పూట, పిల్లకి స్నానం చేయించి, ఒళ్ళంతా కొబ్బరినూనె రాసి, మెడలో పూలదండ వేసి, కయేవా అవ్వ పంపిన మొగలాకు చాపలో పడుకోబెట్టి, ఇద్దరూ పెళ్ళిబట్టలు కట్టుకుని బెరిల్ గుమ్మంలోకి వెళ్ళారు. కౌరే మా పద్ధతిలో నాలుగు మాటలు చెప్పాడు. వాడి ఇంగ్లీషు వాడిది. బెరిల్ ఏదో పండగనుకుంది, కాసేపు పిల్లని చూడమంటున్నారనుకుంది. సంబరంగా అందుకుంది.

సాయంత్రమైనా వీళ్ళు పిల్ల కోసం రాలేదు. బెరిల్ పిల్లని ఎత్తుకుని వచ్చింది. అరోయిటా వంటింట్లో నేల మీద కూర్చుని, పాలు చేపి రవిక తడుపుకుని ఏడుస్తోంది.

“ఏమిటమ్మా, తీసుకెళ్ళరా దీన్ని?”

“అది నీది అవ్వా. నువ్వడిగావు. ఇచ్చాం.”

“నేనడగడమేమిటి?”

“నిజంగా అంటున్నానన్నావు.”

ఆ ముసలామె ముఖంలో నెత్తురు చుక్క లేదట. ఆమె కడుపులో ఏమనుకుందో నాకు తెలీదు, తల్లికి మతి చలించిందనుకుందేమో. పిల్లని ఎత్తుకునే ఇంటికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేసింది. సలహా అడుగుదామని చేశానంది తర్వాత. ఫోన్ అవతల ఉన్నది పిల్లల బాగోగులు చూసే ఆఫీసు.

మర్నాడు ఇద్దరు వచ్చారు. అప్పుడు నన్ను పిలిచారు, మాట అటూ ఇటూ చెప్పడానికి.

“మీ పాపని మీరు ఇచ్చేశారా?”

“ఇచ్చాం.”

“ఎందుకు?”

“అడిగింది.”

“ఆమె అడిగితే ఇచ్చేస్తారా?”

అరోయిటా నా వైపు చూసింది. “అక్కా, ఇదేం ప్రశ్న? ఈవిడకి తల్లి లేదా?” అంది మా భాషలో. నేను దాన్ని మార్చి, అవ్వ వరస, పేరు వరస, మా పెంపకం వరస అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఇచ్చినా తల్లి తల్లేననీ, ఇల్లు పక్కనేననీ చెప్పాను. వాళ్ళు శ్రద్ధగానే విన్నారు. విని, పిల్లని కార్లో కూర్చోబెట్టి, బెల్టు కట్టి, ఊరికి అటు చివరెక్కడో మాకు ముక్కూ మొహం తెలియని వాళ్ళింటికి పంపించారు. సంగతి తేలేదాకా అక్కడే ఉండాలన్నారు. పిల్ల మెడలో పూలదండ కూడా వాడలేదు ఇంకా.

కౌరే కారు వెనక వీధి చివరిదాకా నడిచాడు. తిరిగొచ్చి ఒక్కటే అన్నాడు: “వాళ్ళు అడగలేదు.”

అవును మరి. మా దీవిలో అడక్కుండా ఒకరి కొబ్బరికాయ ఎత్తినా దొంగే. ఇక్కడ అడిగినామె తప్పుకుంది, ఇచ్చినవాళ్ళు నేరస్తులయ్యారు, అడగనివాళ్ళు పిల్లని తీసుకెళ్ళారు. ఎవరి మీద అరవాలో తెలీక నేను బెరిల్ మీద అరిచాను. ఆమె కేకు చేసుకుని వచ్చింది, గుమ్మంలో నిలబడి ఏడుస్తూ, “ముద్దుకన్నానమ్మా, ఊరికే ముద్దుకన్నాను” అంది. “ముద్దుకి పిల్లల్నడుగుతారా ఎవరైనా! నీ నోట్లో నాలుకుందా తాటాకుందా?” అని ఆమె మొహం మీదే అన్నాను. అది మా భాషలోనే అన్నాను గాని, ఆమెకి అర్థమైంది. ఆ తర్వాత ఆమె ఈ గుమ్మం తొక్కలేదు. కంచె దగ్గర నిమ్మకాయల సంచీ పెట్టి వెళ్ళిపోయేది. అరోయిటా దాన్ని ముట్టుకునేది కాదు. కాయలు కుళ్ళాక నేను పారబోసేదాన్ని.

పిల్ల తిరిగి రావాలంటే ఇల్లు వెచ్చగా ఉండాలి, డాక్టరు చూడాలి. అవి జరిగాయి. ఇంకొకటి కూడా ఉంది. తల్లిదండ్రులకి పాఠాలు చెప్పే చోటికి వారం వారం వెళ్ళాలి. అక్కడ ఒకమ్మాయి, నా కూతురి ఈడుది, మంచిపిల్ల, నేర్పేది ఏమిటో తెలుసా? కుదరదు అనడం. ఎదుటి మనిషి కళ్ళలోకి చూడాలి, గొంతు పెంచకూడదు, కారణాలు చెప్పనక్కర్లేదు. కుదరదు అని ఊరుకోవాలి. అదొక చదువు!

“మళ్ళీ ఎవరైనా మీ పాపని ఇమ్మని అడిగితే ఏమంటారు?” అనడిగేది ఆ అమ్మాయి.

అరోయిటా నేల చూసేది. “ఎవరడిగితే?”

“ఎవరైనా.”

“మా అవ్వ అడిగితే?”

“ఎవరైనా సరే.”

ఇది నోరు విప్పేది కాదు. ఆ అమ్మాయి ఏదో రాసుకునేది. ఇంటికొచ్చాక ఒళ్ళు మండి, “ఒక్క మాటే తల్లీ! అబద్ధమైనా ఆడి చావు!” అనేదాన్ని.

“నోటికి రాదక్కా.”

సరే, నేనే నేర్పుతానని కూర్చున్నాను వంటింట్లో. “నీ దువ్వెన నాకివ్వు” అన్నాను. మాట పూర్తి కాకముందే జడలోంచి తీసి నా చేతిలో పెట్టింది. “ఓసి నీ తెలివి తెల్లారా! కుదరదనాలే!” అన్నాను. “మర్చిపోయానక్కా” అంది. చెప్పులడిగాను, ఇచ్చింది. కెటిల్ అడిగాను, నీళ్ళు పారబోసి, తుడిచి మరీ ఇచ్చింది. ఆ సాయంత్రం నేను దాని సామానంతా మోసుకుని ఇంటికెళ్ళాను. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాం ఇద్దరం. మేం ఆఖరుసారి నవ్వింది అప్పుడే.

కౌరేకి ఈ పాఠం తొందరగా వచ్చేసింది. ఫోన్లో తమ్ముడు బూట్లడిగితే కుదరదన్నాడు, అని బయటికెళ్ళి వాంతి చేసుకున్నాడు.

అరోయిటాకి ఎలా వచ్చిందంటే, పిల్లని చూపించడానికి ఆఫీసుకి తీసుకొచ్చిన ఒక రోజు, బేరి తల్లి చేతుల్లోకి రానని ఆ కొత్తింటావిడ చంక దిగలేదు. అరోయిటా చేతులు అలా చాచుకునే ఉండిపోయింది. ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని, “అడుగక్కా” అంది. దువ్వెనడిగాను. నా కళ్ళలోకి చూసి, “కుదరదు” అంది. కారణం చెప్పలేదు. చప్పట్లు కొట్టాను, నా చేతులు విరగ!

పిల్ల వచ్చింది. అదీ షరతు మీద. ఆఫీసు మనిషి అప్పుడప్పుడు వచ్చి చూసుకుంటుంది, పిల్ల తల్లిదండ్రుల దగ్గరే ఉండాలి, మళ్ళీ ఎవరికైనా అప్పగిస్తే ఇక తిరిగి రాదు. అరోయిటా పిల్లని ఎత్తుకున్న చెయ్యి దించేది కాదు. చర్చిలో మావాళ్ళు ముద్దు చేయడానికి చేతులు చాస్తే ఒక అడుగు వెనక్కి వేసేది. అడ్డమైన మాటలూ అప్పుడే మొదలయ్యాయి.

క్రిస్మస్‌కి అబయాంగ్ వెళ్ళాం, నేనూ అదీ పిల్లా. కయేవా అవ్వకి చూపు తగ్గింది, అయినా మునిమనవరాలి మొహమంతా వేళ్ళతో తడిమి, “మా అత్త ముక్కే” అని మురిసిపోయింది. బేరి కూడా ఎక్కడలేని మాలిమి అయింది, ముసలిదాని ఒళ్ళో పడి దొర్లింది. ఇంటి నిండా చుట్టాలు. మొగలాకు చాపల మీద చేపా, అన్నమూ, పనసలాంటి మా రొట్టెపండూ పరిచారు. తిన్నాక అవ్వ వీపు నిటారు చేసి కూర్చుంది. నాకు అప్పుడే అర్థమైంది.

“అరోయిటా, అక్కడ అడక్కుండానే పిల్లల్ని ఎత్తుకుపోతారటగా. ఇక్కడ నా దగ్గర ఉంటే దీన్ని ఎవడూ ముట్టుకోడు. నాకింకెన్నాళ్ళుంటాయిలే, నా తర్వాత మీ అమ్మ ఉంది. ఈ పిల్లని నాకివ్వు.”

పంతానికి అడగలేదు ఆ ముసలిది. పిల్లని కాపాడదామనే అడిగింది. అరోయిటాని పెంచినట్టే పెంచుదామనుకుంది. ఇంతకన్నా హక్కున్న మనిషి భూమ్మీద ఎవరున్నారు? చుట్టాలందరూ అప్పుడే ముసిముసిగా నవ్వుతున్నారు, ఇచ్చేసినట్టే లెక్క.

అరోయిటా తల ఎత్తింది. మా దీవిలో పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు చూపు దించుకుంటాం. అది అవ్వ కళ్ళలోకి చూసింది.

“కుదరదు అవ్వా” అంది.

గొంతు పెంచలేదు. కారణం చెప్పలేదు. నేర్పినది నేర్పినట్టే, అక్షరం పొల్లు పోకుండా.

ఎవరి చేతిలోనో గిన్నె జారింది. నేను ఆగలేక, “అవ్వా, అక్కడ ఆఫీసు వాళ్ళు షరతు పెట్టారే, దీని తప్పు కాదే...” అని మొదలెట్టాను.

“నువ్వాగవే రూటా” అంది అవ్వ. “నేను అడిగింది దాన్ని.”

తిట్టలేదు, ఏడవలేదు. పిల్ల జుట్టులోంచి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది, మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజు నుంచి అవ్వ దాన్ని ఏమీ అడగలేదు. అరోయిటా పక్కనే కూర్చుని ఉన్నా, దాహమేస్తే దారినపోయే వాళ్ళని కేకేసి నీళ్ళడిగేది. చుట్ట కావాలంటే నన్నడిగేది. దాన్ని మాత్రం పేరు పెట్టి పిలిచి, ఎంతో గౌరవంగా చూసేది. మెత్తటి చాప వేయించేది, చేపలో కళ్ళున్న భాగం దానికే పెట్టించేది. ఎండ తగులుతోందేమో చూడమనేది. తెల్లవాళ్ళు ఎవరైనా దీవికొస్తే చేసే మర్యాదలవి. వాళ్ళని మేం ఏమీ అడగం. ఇవ్వడం తెలీని వాళ్ళని అడిగి ఏం లాభం?

బయల్దేరే రోజున ఒక కొత్త చాప చుట్టి దాని చేతిలో పెట్టింది, అడక్కుండానే. అరోయిటా ఇసకలో మోకాళ్ళ మీద కూలబడింది.

“అవ్వా, నన్ను ఏదన్నా అడగవే. నా గొలుసు అడుగు. జుట్టు కోసిమ్మను, కోసిస్తా. ఏదన్నా ఒక్కటి అడగవే, నీ కాళ్ళు పట్టుకుంటా.”

అవ్వ దాని తల నిమిరింది. “నాకేం కావాలి తల్లీ? అన్నీ ఉన్నాయి. నువ్వు జాగ్రత్తగా వెళ్ళిరా” అంది.

ఆ ఇంట్లో ఒక కుండ, ఒక కత్తి, ఒక లాంతరు, అంతే.

పడవ కదిలింది. అరోయిటా పిల్లని పొట్టకి అదిమి పట్టుకుని ఒడ్డు వైపే చూస్తోంది. ఒడ్డున అవ్వ పక్కనున్న ఎవరినో చెయ్యి అడిగింది. వాళ్ళు ఇచ్చారు. ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా ఇంటి వైపు నడిచింది.